విదేశీ తీర గ్రామాల్లో సేవ: చిత్తూరు, తిరుపతి వాళ్లకు ఏది మేలు?

ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీల్లో పీజీ ముగిస్తున్నవాళ్లు, ఆసుపత్రుల్లో పనిచేస్తున్న యువ నర్సులు నన్ను పదేపదే ఒకే విషయం అడుగుతున్నారు. విదేశాల్లో మారుమూల మత్స్యకార గ్రామాలకు సేవకు వెళ్లాలనుంది. డబ్బు కట్టి కొన్ని వారాలు వెళ్లడం మంచిదా, ఐక్యరాజ్య సమితి వలంటీర్లలో చేరడం మంచిదా, పక్కనున్న శ్రీలంక చాలా?

ఖర్చు, భద్రత, సర్టిఫికెట్ విలువ లెక్కలన్నీ వేసుకునే వస్తారు. భాష గురించి అడిగేవాళ్లు మాత్రం అరుదు. నేను ముందు చూసేది దాన్నే. తీర గ్రామంలో చేయాల్సిన పనిలో ఎక్కువ భాగం మాటే. పట్టిన చేప ఎవరికి అమ్ముతున్నారు, పడవ మీద అప్పు ఎవరిది, ఏ ఇంట్లో బిడ్డకు విరేచనాలు ఆగడం లేదు అన్న సంగతులు దుబాసీ ద్వారా సగమే అందుతాయి. ఆడవాళ్లు చెప్పేవైతే ఆ సగం కూడా అందవు.

2004 సునామీ తర్వాత నాగపట్నం తీరంలో పనిచేసినప్పుడు, దాతలు పంపిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండటం చూశాను. చేపలమ్మే ఆడవాళ్లకు కావలసింది అల్యూమినియం బేసిన్లు, ఐసు కొనడానికి కాస్త పెట్టుబడి. అధికారుల సమావేశంలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం కుళాయి దగ్గర వాళ్లతో తమిళంలో మాట్లాడుతుంటే బయటపడింది.

మడగాస్కర్ నైరుతి తీరంలో ఆందవదువాక అనే ఊరుంది. 2004లో అక్కడి వెజో మత్స్యకారులు ఒక ప్రాంతంలో ఆక్టోపస్ వేటను కొన్ని నెలలు ఆపారు. మళ్లీ మొదలుపెట్టాక పెద్ద ఆక్టోపస్‌లు దొరికాయి, చుట్టుపక్కల ఊళ్లూ అదే దారి పట్టాయి. సముద్ర సంరక్షణ కోసం పనిచేసే బ్లూ వెంచర్స్ సంస్థ వాళ్లకు తోడుగా ఉంది. కానీ వేట ఆపితే పొయ్యి ఎలా వెలుగుతుందని ఒక తల్లి అడిగితే, ఆమె భాషలో జవాబు చెప్పగల మనిషి అక్కడ ఉండాలి. అక్కడి భాష మలగాసీ ఒక్క ముక్క రాకుండా నాలుగు వారాలకు వెళ్లినవారు ఆ మనిషి కాలేరు. డబ్బు కట్టి వెళ్లే స్వల్పకాలిక కార్యక్రమాలపై నా అభ్యంతరం ఇదే. వెళ్లేవారి మంచి మనసు మీద నాకు అనుమానం లేదు.

నగరి, సత్యవేడు, చిత్తూరు వైపు ఇళ్లలో తెలుగుతో పాటు తమిళం సహజంగా వస్తుంది. మనకున్న ఈ బలాన్ని మనమే గుర్తించడం లేదు. శ్రీలంక ఉత్తర, తూర్పు తీరాల్లో, జాఫ్నా, ముల్లైతీవు, మట్టకళప్పు ప్రాంతాల్లో తమిళం మాట్లాడే మత్స్యకార గ్రామాలున్నాయి. 2009 దాకా సాగిన యుద్ధాన్నీ, సునామీనీ రెండింటినీ భరించిన తీరమది. అక్కడి యాస వేరు, మొదట్లో తడబడతారు. అయినా కొన్నాళ్లకు ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడగలుగుతారు. ఇంట్లో తమిళం ఉన్నవారికి నా ఓటు దీనికే, అదీ కనీసం ఆరు నెలలకు.

ఐక్యరాజ్య సమితి వలంటీర్ల కార్యక్రమం 1970లో ఏర్పడింది, కేంద్రం జర్మనీలోని బాన్. జీవన భృతి, బీమా ఇస్తారు. 27 ఏళ్లు నిండి, వృత్తి అనుభవం ఉన్నవారికి మంచి దారి. కాకపోతే మారుమూల తీర గ్రామమే దొరుకుతుందన్న హామీ ఉండదు.

నర్సుల విషయంలో మాత్రం నా లెక్క మారుతుంది. ఆఫ్రికా రేవుల్లో నిలిచి ఉచిత శస్త్రచికిత్సలు చేసే మెర్సీ షిప్స్ ఆసుపత్రి ఓడల్లో పని ఇంగ్లీషులో నడుస్తుంది, రోగులతో మాట్లాడటానికి స్థానిక దుబాసీలు ఉంటారు. శస్త్రచికిత్స గదిలో చేతి నైపుణ్యం భాష లోటును చాలావరకు పూడుస్తుంది. అయితే అది క్రైస్తవ సేవా సంస్థ, ప్రయాణం వంటి ఖర్చులు కూడా వలంటీర్లే భరించాల్సి రావచ్చు. రెండూ తెలుసుకునే దరఖాస్తు పెట్టుకోండి.

ఏ దేశమైనా, టూరిస్ట్ వీసా మీద సేవ చేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి, చాలా దేశాలు ఒప్పుకోవు. శ్రీలంక వీసా సంగతులు చెన్నైలోని వాళ్ల డిప్యూటీ హైకమిషన్‌లో కనుక్కోవచ్చు. ఆఫ్రికాలో ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలకు వెళ్లేవారు ఆ టీకాను చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఆ టీకా సర్టిఫికెట్ లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌కు పంపవచ్చు.