ఈమ్: పొలిమేర దాకా నడిచి చూడవలసిన ఊరు

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో, హెదర్ పొదలు తప్ప పెద్దగా చెట్టూచేమా లేని బీడు మెట్టలను ఆనుకుని ఉన్న ఈ ఊరి పేరును అక్షరాలు చూసి ‘ఇయామ్’ అని చదివితే పప్పులో కాలేసినట్టే. అక్కడివారు దాన్ని ‘ఈమ్’ అంటారు. ఆగస్టులో ఒక శనివారం నేనూ మా ఆవిడా వెళ్లి, పూటంతా కాలినడకన తిరిగి వచ్చాము.

1665లో లండన్ నుంచి ఇక్కడి దర్జీకి వచ్చిన బట్టల మూటతో ప్లేగు ఊళ్లోకి దిగిందని చెబుతారు. మరుసటి ఏడాది వేసవిలో జబ్బు మళ్లీ విజృంభించినప్పుడు, చర్చి గురువు విలియం మాంపెసన్, అంతకుముందు ఆ పదవి పోగొట్టుకున్న థామస్ స్టాన్లీ విభేదాలు పక్కనపెట్టి, చుట్టుపక్కల ఊళ్లకు అంటకుండా ఉండాలంటే ఎవరూ పొలిమేర దాటకూడదని జనాన్ని ఒప్పించారు. సుమారు 260 మంది చనిపోయారు. 1666 ఆగస్టులో మాంపెసన్ భార్య కేథరిన్ కూడా పోయింది. ఊరి జనాభా 350 అని చాలాచోట్ల రాస్తారు గానీ, అంతకంటే బాగా ఎక్కువేనని తర్వాతి పరిశోధకుల అభిప్రాయం.

ముందుగా మ్యూజియం చూడడమే మంచిది. పాత మెథడిస్టు ప్రార్థనా మందిరంలో నడిచే ఈ చిన్న మ్యూజియం కప్పు మీద గాలివాటం చూపే లోహపు ఎలుకను చూసి ముందు నవ్వు వచ్చింది, లోపల తిరిగి వచ్చాక మళ్లీ చూస్తే రాలేదు. శీతాకాలంలో మూసి ఉంటుంది కాబట్టి వేళలు కనుక్కుని బయలుదేరాలి. చర్చి పక్కనున్న ఇళ్ల ముందు పచ్చటి బోర్డుల మీద అక్కడ చనిపోయినవారి పేర్లు రాసి ఉన్నాయి. ఒక ఇంట్లో థార్ప్ కుటుంబం తొమ్మిది మందీ పోయారు. ఆ ఇళ్లలో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారన్నది మరిచి, కిటికీలకు కెమెరాలు ఆనించేవారిని చూస్తే నాకే సిగ్గేసింది.

చాలామంది ఇక్కడితో ముగించి కారెక్కుతారు, అసలు చూడవలసింది మాత్రం ఊరి బయట ఉంది. స్టోనీ మిడిల్టన్ వైపు పొలాల మీదుగా వెళ్లే కాలిబాటలో ఒక బండరాయి, దాని మీద ఆరు గుంటలు. బయటివారు తెచ్చిపెట్టిన సరుకులకు వెలగా, అంటు పోతుందన్న నమ్మకంతో వినెగరు పోసిన ఈ గుంటల్లో ఊరివారు నాణేలు వేసేవారు. వేలు పెట్టి చూశాను. అంచులు అరిగి నున్నగా ఉన్నాయి, అడుగున వాననీళ్లు, వాటిలో ఎవరో వేసిపోయిన పెన్నీలు. మన ఊళ్లలో గత్తర వస్తే అమ్మవారిని పొలిమేర దాటించి సాగనంపేవారు. ఇక్కడ మనుషులు తమ పొలిమేరలో తామే ఉండిపోయారు.

తిండి విషయంలో మాత్రం నిరాశే. మేము ఎక్కిన టీ దుకాణంలో మధ్యాహ్నం రెండున్నరకే వంట కట్టేశామన్నారు, మిగిలిన స్కోను ముక్క ఎండిపోయి ఉంది. పులిహోర కట్టుకుని వెళ్లినా తప్పులేదు. కారు నిలపడానికి మ్యూజియం ఎదురుగా స్థలం ఉంది. రైలులో వచ్చేవారు గ్రిండిల్‌ఫర్డ్‌లో దిగి ఎగువకు నడవవచ్చు. బాటలు బురదగా ఉంటాయి, చెప్పులతో కుదరదు.

ఊరికి తూర్పున అరమైలు దూరంలో రైలీ సమాధులున్నాయి. 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ ఎలిజబెత్ హాన్‌కాక్ ఒక్కతే ఇక్కడ పూడ్చింది. పొలం మధ్య గుండ్రటి రాతిగోడ, లోపల నాచు పట్టిన రాళ్లు, వెలుపల మేస్తున్న గొర్రెలు, ఇంతే ఉంటుంది. అక్కడ అరగంట కూర్చున్నాము, పైన మెట్టంతా హెదర్ ఊదారంగులో పూసి ఉంది.