మా ఇంటి రెండు మారుతి 800లు: 30 ఏళ్ల వాడకం తర్వాత

2003 నుంచి రెండేళ్లపాటు మా ఇంటి ముందు రెండు మారుతి 800లు పక్కపక్కన ఉండేవి. తెల్లది మా నాన్న 1994లో కొన్నది. వెండి రంగుది నేను 2003లో కొన్నది. ముందు లైట్లు, గ్రిల్లు, బంపర్లు మారాయి కానీ తలుపులు, పైకప్పు, అద్దాలు అవే. అప్పట్లో చాలామంది ‘తొమ్మిదేళ్లలో ఏం మార్చారు?’ అని అడిగేవారు. రెండూ నడిపినవాడిగా చెప్తున్నాను, మార్పంతా బానెట్ కింద జరిగింది. ఆ బండి బలం, బలహీనత రెండూ అక్కడే తెలుస్తాయి.

మొదటి 800 ఈ ఆకారంలో లేదు. 1981లో ప్రభుత్వం మారుతి ఉద్యోగ్ పెట్టింది, 1982లో సుజుకితో ఒప్పందం కుదిరింది, 1983 డిసెంబర్ 14న గుర్‌గావ్‌లో ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందించారు. ధర 47,500 రూపాయలు. అది పెట్టెలా పలకలు తేలిన ఎస్ఎస్80 మోడల్. నాన్న స్నేహితుడికి ఒకటి ఉండేది. చిన్నప్పుడు అందులో ఎక్కితే నన్ను ఆశ్చర్యపరిచింది దాని నేల. మేం ఎక్కే టాక్సీ అంబాసిడర్లో ఇంజిన్ ముందుంటే తిరిగేవి వెనక చక్రాలు. ఆ షాఫ్టు కోసం నేల మధ్యలో గట్టులా లేచి ఉండేది, మధ్యలో కూర్చున్నవాడికి కాళ్లు పెట్టుకోవడమే ఇబ్బంది. 800లో ఇంజిన్‌ని అడ్డంగా పెట్టి ముందు చక్రాలనే తిప్పారు. షాఫ్టు అక్కర్లేదు, బరువూ తగ్గింది. మొత్తం బండి 650 కిలోల చుట్టుపక్కలే. ఈ ఒక్క నిర్ణయం వల్లే చిన్న బండిలో నలుగురు పట్టారు, మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్ సరిపోయింది.

మనందరికీ గుర్తున్న గుండ్రటి ఆకారం 1986లో వచ్చింది. జపాన్‌లో 1984లో విడుదలైన రెండో తరం ఆల్టో శరీరమే అది. అక్కడ దాన్ని 1988లోనే మార్చేశారు. మన దగ్గర అదే శరీరం 2014 దాకా నడిచింది. దీని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఒకవైపు గౌరవం, ఇంకోవైపు బాధ.

నాన్న బండి కార్బ్యురేటర్ది, అంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపే పాత యంత్రం ఉన్నది. చలికాలం పొద్దున చోక్ లాగి, సెల్ఫ్ కొట్టి, రెండు నిమిషాలు రేస్ మీద ఉంచితే గానీ కదిలేది కాదు. గట్టి వానల్లో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తడిస్తే ఒక సిలిండర్ పనిచేయడం మానేసేది, బండి అంతా ఊగిపోయేది. కానీ ఏ చిన్న ఊళ్లో ఆగినా స్క్రూడ్రైవర్ ఉన్న మెకానిక్ ఉంటే చాలు. ప్లగ్గులు తీసి గీకి, గాలి స్క్రూ అరచుట్టు తిప్పి, ఇంజిన్ శబ్దం విని ‘ఇప్పుడు సరిపోయింది బాబూ’ అని పంపించేవారు. మైలేజీ లీటరుకి ఊళ్లో 14 కిలోమీటర్లు, రోడ్డు మీద 18 వచ్చేది.

800ని మార్చినవి ప్రభుత్వ నిబంధనలు. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది. సీసం కలిపిన పెట్రోలు పోస్తే కన్వర్టర్ లోపలి పూత మూసుకుపోయి పనికిరాకుండా పోతుంది, అందుకని సీసం లేని పెట్రోలు తెచ్చారు. 2000 ఫిబ్రవరికల్లా దేశమంతా సీసం పెట్రోలు ఆగిపోయింది. సీసం లేకపోతే నాన్న పాత ఇంజిన్‌కు వాల్వ్ సీట్లు అరిగిపోతాయని షెడ్డులో ఎవరో చెప్తే ఆయనకు నెలల తరబడి టెన్షన్. ఏమీ కాలేదు. ఇంకో ఐదేళ్లు నడిపి, నడుస్తున్న బండిగానే అమ్మాం.

నా 2003 బండిలో కార్బ్యురేటర్ స్థానంలో ఎంపీఎఫ్ఐ, అంటే ఒక్కో సిలిండర్‌కి విడిగా పెట్రోలు చిమ్మే పద్ధతి. ఎంత గాలి వస్తోంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది అన్నవి సెన్సర్లు చెప్తే, దాన్నిబట్టి కంప్యూటర్ పెట్రోలు చిమ్ముతుంది. తాళం తిప్పగానే వెనక ట్యాంకులో పంపు సన్నగా మోగుతుంది, వెంటనే స్టార్ట్. 22 ఏళ్లలో చలికి మొరాయించిన రోజు లేదు. కాగితం మీద పవర్ 39 హార్స్‌పవర్ నుంచి 37కి తగ్గింది. నడుపుతుంటే మాత్రం కింద గేర్లలో లాగుడు సాఫీగా ఉంటుంది, మైలేజీ ఊళ్లోనే 17 దాటింది. 2000లో వచ్చిన 12 వాల్వుల ఐదు గేర్ల రకం ఇంకా చురుకైనది. నేనూ అదే కొనాల్సింది, నాదానికి నాలుగే గేర్లు. నాలుగో గేరులో 80 దగ్గర ఇంజిన్ పెట్టే గోల వింటే ఐదో గేరు విలువ తెలుస్తుంది.

ఎంపీఎఫ్ఐ వచ్చాక చేతి పని తెలిసిన మెకానిక్‌కి దారి మూసుకుపోయింది. 2009లో బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం మొదలైంది. ఒక షెడ్డులో పెట్రోలు పంపు మార్చారు, తర్వాత ఒక సెన్సర్ మార్చారు. వేలు ఖర్చయ్యాక మరో పెద్దాయన టార్చి వేసి చూసి, బాడీకి బిగించిన ఎర్త్ వైరు తుప్పు పట్టిందని చూపించారు. గరుకు కాగితంతో రుద్ది బిగించారు. ఆ లోపం మళ్లీ రాలేదు. పాత ఎంపీఎఫ్ఐ 800 వాడుతున్నవాళ్లు ఏ భాగమైనా కొనేముందు ఎర్త్ పాయింట్లు, కనెక్టర్లు శుభ్రం చేయించండి.

మాది విశాఖ. సముద్రపు గాలికి ముందు సీట్ల కింద నేల రెండుసార్లు చిల్లులు పడింది, రేకు వేయించాను. అరకు ఘాట్ ఎక్కేటప్పుడు నలుగురం ఉంటే ఏసీ ఆపాల్సిందే. 37 హార్స్‌పవర్‌లో కంప్రెసర్ తినేది తక్కువేం కాదు. ఏసీ ఆపి రెండో గేరులో ఓపిగ్గా వెళ్తే ఏ మలుపులోనూ ఆగదు. పవర్ స్టీరింగ్ లేకపోయినా ఒంటి చేత్తో తిరుగుతుంది, ఎందుకంటే ముందు చక్రాల మీద మోయడానికి బరువే లేదు. సందుల్లో దీనికి సాటి వచ్చే బండి నేనింతవరకు నడపలేదు.

భద్రత విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. ఈ శరీరాన్ని గీసినప్పుడు మన హైవేలు రెండు వరుసలవి, లారీలు 50లో పోయేవి. చెన్నై కోల్‌కతా రోడ్డు నాలుగు వరుసలయ్యాక పక్కనుంచి 100లో బస్సు దాటితే బండి ఒక అడుగు పక్కకి జరిగినట్టు అవుతుంది. 12 అంగుళాల చక్రాలు, ఎయిర్‌బ్యాగ్ లేదు, గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. బరువు పెంచకపోవడం ఎంత మంచి నిర్ణయమో, తలుపులను, ముందు భాగాన్ని 28 ఏళ్లపాటు అలాగే ఉంచేయడం అంత తప్పు అని నా అభిప్రాయం. పిల్లలు పుట్టాక నేను దీన్ని హైవే మీదికి తీసుకెళ్లడం మానేశాను.

2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో పొగ కాలుష్యంపై బీఎస్-4 నిబంధన వచ్చింది. ఈ ఇంజిన్‌ని దానికి తగ్గట్టు మార్చలేదు, ఆ నగరాల్లో అమ్మకం ఆపేశారు. అప్పటికే అదే 796 సీసీ పరిమాణంతో ఆల్టో దీన్ని దాటిపోయింది. 2014 జనవరి 18న చివరి 800 తయారైంది.

నాది ఇప్పటికి 1,68,000 కిలోమీటర్లు తిరిగింది. 2018లో ఒకసారి, 2023లో ఇంకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాను. రెండోసారికి ఫీజు 600 నుంచి 5,000 అయింది. క్లచ్ ప్లేట్లు, బ్రేకు షూలు, బేరింగులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. తలుపు రబ్బర్లు, డాష్‌బోర్డు ముక్కలే దొరకడం లేదు. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు కాబట్టి పోయిన ఏడాది పెట్రోలు గొట్టాలన్నీ కొత్తవి వేయించాను. పాతవాటిలో ఒకటి వేలితో నొక్కితేనే పగిలింది. రోజూ రైతుబజారుకి, స్టేషనుకి దీనిమీదే వెళ్తున్నాను. వచ్చే రెన్యువల్ 2028లో. ఈలోగా వెనక తలుపు కింద మొదలైన తుప్పుకి రేకు వేయించాలి.