పదేళ్లు చేతిలో ఉన్న ఎడ్డీ కరెంట్ మెషిన్: విమానాల పగుళ్ల వేటలో నా అనుభవం

హుద్‌హుద్ వచ్చి విశాఖ ఎయిర్‌పోర్ట్ పైకప్పు లేపేసిన మరుసటి ఏడాది, 2015లో, లోహంలో కంటికి కనబడని పగుళ్లు పట్టే ఈ ఎడ్డీ కరెంట్ మెషిన్ నా చేతికొచ్చింది. అప్పట్నుంచి ఇదే వాడుతున్నాను. మాది గోపాలపట్నం. పని విమానాల ఎన్డీటీ, అంటే భాగాన్ని పాడుచేయకుండా లోపాలు వెతికే పరీక్ష. నాది అందులో లెవెల్ 2 అర్హత. పెద్ద తనిఖీ (చెక్) పడితే శంషాబాద్ వెళ్లి వారాల తరబడి హ్యాంగర్‌లోనే ఉంటాను. విశాఖలో రాత్రి ఆగిన విమానం మీద ఎవరికైనా అనుమానమొస్తే నాకు ఫోన్ వస్తుంది. గాజువాకలో కోర్సు చేసి ఈ లైన్‌లోకి వద్దామనుకునే కుర్రాళ్లు "ఏ మెషిన్ కొనాలి సార్?" అని అడుగుతూ ఉంటారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయను. నేను చెప్పే మంచీ చెడూ చేతిలో పట్టుకుని వాడే ఈ రకం మెషిన్లన్నిటికీ దాదాపు వర్తిస్తాయి.

ముందుగా ఒక మాట. ఈ పదేళ్లలో ఈ మెషిన్ నాకు చూపించిన పగుళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "ఇక్కడ ఏమీ లేదు" అని చూపించిన రివెట్లు (విమానం రేకుల్ని కలిపి బిగించే మేకులు) మాత్రం లక్షల్లో ఉంటాయి. నా దృష్టిలో మెషిన్ విలువ ఆ రెండోదాంట్లోనే ఉంది. ఏమీ లేదన్నప్పుడు నమ్మి సంతకం పెట్టగలిగితేనే అది మంచి మెషిన్.

అసలు పగులు ఎందుకొస్తుందో కొత్తవాళ్లకి నేను బకెట్ చూపించి చెబుతాను. స్టీలు బకెట్ ఎప్పుడు చీలినా హ్యాండిల్ చెవి కన్నం దగ్గరే చీలుతుంది, మధ్యలో చీలదు. లాగుడంతా కన్నం అంచుకే చేరుతుంది కాబట్టి. విమానం ఒళ్లంతా అలాంటి కన్నాలే, రివెట్ల కోసం వేసినవి. పైకి వెళ్లిన ప్రతిసారీ లోపల గాలి నింపుతారు, దిగేటప్పుడు వదిలేస్తారు. బాగా ఎత్తులో ఉన్నప్పుడు స్కిన్ (విమానం పైరేకు) మీద లోపలి నుంచి చదరపు మీటరుకి ఐదున్నర టన్నుల దాకా తోపు ఉంటుంది. ఆ స్కిన్ మందం చాలాచోట్ల ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ. విశాఖ నుంచి హైదరాబాద్ లాంటి గంట, గంటుంపావు రూట్లలో తిరిగే విమానం రోజుకి ఆరేడుసార్లు ఇలా ఉబ్బి తగ్గుతుంది. ఏడాదికి రెండు వేల సార్లు. మేం విమానం వయసుని ఏళ్లలో కాకుండా ఈ సైకిళ్లలోనే లెక్కపెడతాం.

అలోహా ఎయిర్‌లైన్స్ విమానం సంగతి ఈ లైన్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మీద ఆ బోయింగ్ 737 ముందు భాగంలో పైకప్పు మొత్తం ఊడిపోయింది. అప్పటికి అది 89,680 సార్లు ఎగిరింది. అన్నీ చిన్న చిన్న రూట్లే, చుట్టూ ఉప్పు గాలే. విశాఖలో పుట్టి పెరిగిన నాకు ఆ రిపోర్ట్ వేరే దేశం కథలా అనిపించలేదు. మా ఇంటి గేటుకి రెండేళ్లకోసారి పెయింట్ వేయకపోతే తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. అక్కడా అంతే జరిగింది. స్కిన్ రేకులు ఒకదాని మీద ఒకటి వేసి అతికించిన ల్యాప్ జాయింట్‌లో జిగురు వదిలేసింది, బరువంతా రివెట్ల మీద పడింది, పక్కపక్క కన్నాల్లో పుట్టిన చిన్న చిన్న పగుళ్లు ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. విడిగా చూస్తే ఏ పగులూ పెద్దది కాదు. ఎక్కేటప్పుడు ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర పగులు చూసింది, ఎవరికీ చెప్పలేదు. విమానంలో పనిచేసే ఆవిడ ఒకరు చనిపోయారు. ఆ జాయింట్‌కి చేయాల్సిన ఎడ్డీ కరెంట్ పరీక్ష చేసినట్టు మెయింటెనెన్స్ రికార్డుల్లో కనిపించలేదని దర్యాప్తులో తేలింది. ఆ వాక్యం చదివినప్పటి నుంచి నేను ఒక్క రివెట్ వరుసకి కూడా కాగితం లేకుండా ఇంటికి రాలేదు.

ఇక మెషిన్ విషయం. బరువు రెండు కిలోల లోపే. నిచ్చెన మీదో, స్టాండ్ మీదో మెడలో వేలాడదీసుకుని నాలుగైదు గంటలు పనిచేయొచ్చు, అలవాటైతే మెడ పట్టదు. ప్రోబ్ అంటే పెన్సిలంత పుల్ల, కొనలో చిన్న కాయిల్. దాన్ని అల్యూమినియం మీద ఆనిస్తే లోహంలో కరెంటు సుడులు తిరుగుతుంది. దారిలో పగులు అడ్డొస్తే సుడి పక్కకి మళ్లుతుంది, స్క్రీన్ మీద చుక్క కదులుతుంది. ఉపరితలం మీది పగుళ్లకి ఫ్రీక్వెన్సీ ఎక్కువ పెడతాం. 200 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు ఆ అల్యూమినియంలోకి పావు మిల్లీమీటరు చిల్లర లోతుకే బలంగా దిగుతుంది. కింది పొర చూడాలంటే బాగా తగ్గించాలి. ఒక కిలోహెర్ట్జ్‌కి దించితే దాదాపు నాలుగు మిల్లీమీటర్ల దాకా అందుతుంది, కాకపోతే అప్పుడు చిన్న పగుళ్లు పట్టుబడవు. లోతు కావాలా, సూక్ష్మం కావాలా అన్నది పనిని బట్టి మీరే తేల్చుకోవాలి. ఏ మెషిన్ కొన్నా ఈ రెండూ ఒకేసారి దొరకవు.

దీంతో పని ఎలా ఉంటుందో ఒక రాత్రి సంగతి చెబితే బాగా అర్థమవుతుంది.

మూడేళ్ల కిందట, అక్టోబరు నెల. రాత్రి పదకొండున్నరకి ఫోన్. అటుపక్క లైన్ ఇంజినీరు, మా పెద్దమ్మాయి వయసుంటుంది. "సార్, ముందు తలుపు కింది మూల దగ్గర గీత ఒకటి కనిపిస్తోంది. పెయింటో మెటలో తేలట్లేదు. పొద్దున్నే ఆరింటికి ఫ్లైట్" అంది. "గోరుతో గీకలేదు కదమ్మా?" అని అడిగాను. "లేదు సార్, టార్చి వేసి చూశానంతే" అంది. అక్కడే నాకు ఆ అమ్మాయి మీద గౌరవం కలిగింది. తలుపు మూల అంటే కన్నం అంచు లాంటిదే, పగులు పుట్టడానికి పేరున్న చోటు. గీకితే ఉన్న ఆనవాలు కూడా చెరిగిపోతుంది.

కిట్ నేను ఇంట్లో ఏసీ గదిలో, సిలికా జెల్ సంచులు వేసి ఉంచుతాను. ఆ రాత్రి ర్యాంప్ (విమానాలు ఆపే చోటు) మీద గాలి తడిబట్టలా ఉంది. మేఘాద్రిగెడ్డ వైపు నుంచి ఒక్క ఆకు కదలడం లేదు. పెట్టె తెరవగానే కాలిబ్రేషన్ బ్లాక్ మీద, స్క్రీన్ మీద మంచు పట్టినట్టు తేమ కమ్మేసింది. బ్లాక్ అంటే అదే రకం అల్యూమినియం ముక్క, దానిమీద 0.2, 0.5, 1 మిల్లీమీటరు లోతుల్లో కావాలని కోసిన నాచ్‌లు ఉంటాయి. దానిమీద మెషిన్‌ని సరిచూసుకున్నాకే విమానం మీద ప్రోబ్ పెట్టాలి. బ్లాక్ చల్లగా, విమానం స్కిన్ వెచ్చగా ఉంటే రెండింట్లో కరెంటు పారే తీరు మారిపోతుంది, చుక్క జారుతూనే ఉంటుంది. అందుకని మెత్తటి గుడ్డతో తుడిచి, బ్లాక్‌ని విమానం పక్కనే స్టాండ్ మీద పెట్టి ఇరవై నిమిషాలు ఊరికే నిలబడ్డాను. ఆ అమ్మాయి గడియారం చూసుకుంటోంది, కానీ తొందరపెట్టలేదు.

తర్వాత పెయింట్ మందానికి సరిపడా పల్చటి ప్లాస్టిక్ ముక్క (షిమ్) బ్లాక్ మీద పరిచి, దాని మీంచి ప్రోబ్ నడిపాను. ప్రోబ్ కొంచెం పైకి లేస్తే చుక్క ఎడమవైపు అడ్డంగా పోవాలి, నాచ్ దాటితే నిలువుగా లేవాలి. ఈ రెండూ స్పష్టంగా విడిపోయేదాకా ఫేజ్ (చుక్క కదిలే కోణం) తిప్పుతూ కూర్చోవాలి. ఈ మెషిన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఆ విడిపోవడం చాలా శుభ్రంగా ఉంటుంది. 0.5 నాచ్ మీద చుక్క స్క్రీన్ మీది గళ్లలో నాలుగు గళ్లు నిటారుగా లేచి, దాటగానే మళ్లీ నడిమధ్యకి వచ్చి ఆగింది.

అప్పుడు విమానం మీద పెట్టాను. గీతకి అడ్డంగా, కింది నుంచి పైకి, ఒక్కో మిల్లీమీటరు జరుపుతూ. గీత మీదకి రాగానే చుక్క కదిలింది. ఊపిరి బిగబట్టాను. ఎడమకి పోయింది, పైకి లేవలేదు. ఇంకోసారి. మళ్లీ ఎడమకే. ప్రోబ్ దిక్కు మార్చి పక్కనుంచి చూశాను, ఏటవాలుగా చూశాను, మూల చివర్లదాకా వెళ్లాను. మధ్యలో మూడుసార్లు బ్లాక్ దగ్గరికి వచ్చి నాచ్ ఇంకా నాలుగు గళ్లే లేస్తోందా అని సరిచూసుకున్నాను. లేస్తోంది. అంటే మెషిన్ మేలుకునే ఉంది, కింద లోహమే చెక్కుచెదరలేదు. 10ఎక్స్ లెన్స్ పెట్టి చూస్తే సీలెంట్ అంచున పెయింట్ మడత పడి చీలిన గుర్తు. తెల్లవారుజామున నాలుగింటికి షీట్ రాసి సంతకం పెట్టాను. ఆ అమ్మాయి "థాంక్యూ సార్" అంటూనే లెన్స్ అడిగి తీసుకుని తనూ ఒకసారి చూసుకుంది. అదీ పద్ధతి. విమానం టైముకే లేచింది. అది అటు తిరిగి సింహాచలం కొండ పక్కగా పోయేదాకా ఫెన్సింగ్ బయట బండి మీద కూర్చుని చూశాను.

నిజంగా పగులు దొరికిన రోజు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. శంషాబాద్‌లో సి చెక్ అనే పెద్ద తనిఖీ, ల్యాప్ జాయింట్ వరుస. అప్పటికి రెండు గంటలుగా చుక్క కదలకుండా ఉంది. ఒక రివెట్ పక్కన నిటారుగా లేచింది, బ్లాక్ మీద నాచ్ లేచినట్టే. చెయ్యి వెనక్కి తీసి, నీళ్లు తాగి, కాలిబ్రేషన్ మళ్లీ మొదటినుంచి చేసి, వేరే ప్రోబ్‌తో చూశాను. అక్కడే లేచింది. లెన్స్‌కి ఏమీ కనబడలేదు. రివెట్ తీయించి కన్నంలో తిరిగే ప్రోబ్ పెడితే ఒకే దిక్కున, తిరిగిన ప్రతిసారీ అదే సిగ్నల్. మిల్లీమీటరున్నర పగులు. కంటికి కనబడేదాకా ఆగి ఉంటే పక్క కన్నం వైపు ఇంకెంత పాకేదో.

ఇక చెడ్డవి. తిప్పే నాబ్ మూడో వేసవికే బిగుసుకుపోయింది. చెమట, ఉప్పు గాలి. సర్వీస్‌కి పంపితే తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ అద్దె మెషిన్‌తో నెట్టుకొచ్చాను. ప్రోబ్ కేబుల్ కనెక్టర్‌లో పచ్చటి చిలుము పడుతుంది. పట్టిందంటే చుక్క వణుకుతుంది, కొత్తవాళ్లు దాన్ని పగులనుకుని భయపడతారు. పని అయ్యాక ప్రతిసారీ ఆల్కహాల్‌తో తుడిచి మూత పెట్టండి. ఎండలో స్క్రీన్ కనబడదు. హ్యాంగర్ తలుపులు తెరిచి ఉంటే నల్లగుడ్డ కప్పుకుని చూడాల్సిందే. బ్యాటరీ మొదట్లో ఏడెనిమిది గంటలొచ్చేది, ఇప్పుడు నాలుగు. వీటన్నిటికన్నా నాకు బాధ కలిగించింది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. ఒక అప్‌డేట్‌తో నేను దాచుకున్న సెటప్‌లన్నీ పోయాయి, ముందుగా ఒక్క హెచ్చరిక కూడా లేదు. రికార్డు ఎంత విలువైందో తెలిసిన పనిలో ఇలా చేయకూడదు. అప్పట్నుంచి ప్రతి సెటప్‌నీ చేత్తో నోట్‌బుక్‌లో కూడా రాసుకుంటున్నాను.

దీనికి చేతకానివి కూడా తెలుసుకుని ఉండాలి. పాత దెబ్బకి మీద రేకు వేసి రిపేరు చేసిన చోట, ఆ డబ్లర్ కింద ఏముందో మామూలు పెన్సిల్ ప్రోబ్‌కి తెలియదు. చైనా ఎయిర్‌లైన్స్ 611 ప్రమాదంలో పోయిన విమానం తోక 1980లో హాంకాంగ్ రన్‌వేకి రాసుకుంది. గీతలు పూర్తిగా తీసేయకుండానే పైన రేకు వేసేశారు. ఆ రేకు కింద పగుళ్లు 22 ఏళ్లు పెరిగి, 2002 మే 25న విమానం గాల్లోనే ముక్కలైంది. 225 మంది పోయారు. అందుకే రిపేరు ప్యాచ్ కనిపిస్తే నేను ముందు దాని చరిత్ర కాగితాలు అడుగుతాను, లోపలివైపు నుంచి చూసే వీలుందా అని అడుగుతాను, ఆ తర్వాతే మెషిన్ ఆన్ చేస్తాను. ఇనుప ఫాస్టెనర్ల దగ్గర సిగ్నల్ చెదిరిపోతుంది. కార్బన్ ఫైబర్ విమానాల్లో పొరలు విడిపోతే దీనికి అందదు, అక్కడ అల్ట్రాసోనిక్ కావాలి. ల్యాండింగ్ గేర్ ఉక్కుకి మ్యాగ్నెటిక్ పార్టికల్ అనే పరీక్ష వేరే ఉంది.

ఆర్కే బీచ్‌లో నేవీ వాళ్ల టీయూ-142 విమానం మ్యూజియంగా పెట్టారు కదా. 29 ఏళ్లు నేవీలో పనిచేసి 2017లో రిటైరైంది. కొత్తగా నా దగ్గర చేరిన కుర్రాణ్ని మొదట అక్కడికే తీసుకెళ్తాను. మెషిన్ ఉండదు. గంటసేపు రివెట్ల వరుసలు చూడమంటాను. ఏ రివెట్ చుట్టూ నల్లటి చార ఉంది, ఎక్కడ పెయింట్ ఉబ్బింది, ఎక్కడ రేకు కాస్త దిండులా లేచింది అని. మొదట్లో పది నిమిషాలకే కళ్లు అలిసిపోయి ఏవీ కనబడవు. హ్యాంగర్‌లో కూడా అంతే. నాలుగువందల రివెట్లు ఏమీ లేకుండా పోయాక, నాలుగువందల ఒకటో దాని మీద చుక్క లేచినా మనసు పట్టించుకోదు. నేను అరగంటకోసారి లేచి తిరుగుతాను. సూపర్‌వైజర్ గొణిగినా సరే.

కొనాలనుకునేవాళ్లకి నా సలహా ఇదీ. మెషిన్ సెకండ్ హ్యాండ్‌ది అయినా ఫర్వాలేదు, కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తాజాగా ఉంటే చాలు. బ్లాక్‌లు, ప్రోబ్‌లు మాత్రం కొత్తవి, సర్టిఫికెట్‌తో వచ్చేవే కొనండి. చవక ప్రోబ్ ఒకటి నేనూ కొన్నాను. 0.5 నాచ్ మీద రెండు గళ్లు కూడా లేవలేదు, అదే రోజు పక్కన పడేశాను. ప్రోబ్ కొనకి టెఫ్లాన్ టేపు వేసుకోండి, అరిగితే మార్చండి. రంగురంగుల పెద్ద స్క్రీన్ కోసం డబ్బు పెట్టొద్దు. ఏడాదికోసారి కళ్ల పరీక్ష ఎలాగూ తప్పదు, ఆ తేదీ కోసం ఆగకుండా దగ్గరి చూపు మసకబారినట్టు అనిపించిన రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

నాబ్‌కి, సర్వీస్‌కి, ఆ అప్‌డేట్‌కి మార్కులు తీసేసినా ఐదుకి నాలుగిస్తాను. నా పెన్సిల్ ప్రోబ్ కొన మళ్లీ అరిగింది, నాచ్ మీద నాలుగు గళ్లు లేవాల్సింది నిన్న మూడున్నర దగ్గరే ఆగింది. సోమవారం శంషాబాద్‌లో పని మొదలు. కొత్త ప్రోబ్ చేతికొచ్చాకే స్టాండ్ ఎక్కుతానని వాళ్లకి ముందే చెప్పేశాను.