కర్నూలు నుంచి గండికోట: ఏళ్ల తరబడి తిరిగిన దారి గురించి

మా ఊరు కర్నూలు. రోళ్లపాడు, యాగంటి, బెలుం, తాడిపత్రి, గండికోట చుట్టి రావడం మా ఇంట్లో అలవాటైపోయింది. పిల్లలు ఒళ్లో కూర్చునే రోజుల్లో మొదలుపెట్టాం, ఇప్పుడు వాళ్లే బండి నడుపుతున్నారు. ఇన్నేళ్ల తర్వాత గట్టిగా చెప్పగలిగేది ఇది: ఒక్కరోజులో పొద్దున బెలుం, సాయంత్రం గండికోట అని పరుగెత్తేవాళ్లకు ఈ దారిలోని సగం సొగసు దక్కదు. వాళ్లు వదిలేసేవి రోళ్లపాడు, తాడిపత్రి. నాకు ఆ రెండే ఎక్కువ ఇష్టం.

రోళ్లపాడుకు తెల్లవారేసరికి చేరాలి. ఎండ ఎక్కితే గడ్డిలో ఏదీ కనపడదు. బట్టమేక పిట్టను కాపాడటానికి 1988లో ఏర్పడిన అభయారణ్యం ఇది. చుట్టూ పచ్చికబయళ్లు పొలాలయ్యాయి, ఆ పిట్ట కనపడటం మానేసింది. మీటరు ఎత్తుండే అంత పెద్ద పక్షి మన జిల్లాలో తిరిగేదని పిల్లలకు చెప్పినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. కృష్ణజింకలు మాత్రం మందలు మందలుగా ఉన్నాయి. మెలితిరిగిన కొమ్ములతో మగజింక ఒక్క ఊపున గాల్లోకి లేచే ఆ క్షణం కోసం ఎంత చలిలోనైనా లేవొచ్చు. అవే జింకలు శనగ, జొన్న మేసేస్తాయని అక్కడి రైతులు బాధపడతారు. వాళ్ల గోడూ వినాలి.

బనగానపల్లె వైపు వెళ్తుంటే నేల మారుతుంది. నల్లరేగడి మధ్య పలకలుగా విడిపోయే సున్నపురాయి, అంటే నాపరాయి, తేలుతుంది. ఇంటి గోడ నాపరాయి, పైకప్పు నాపరాయి, చేను గట్టున నిలబెట్టిన పలకా నాపరాయే. యాగంటిలో కోనేటి నీళ్లు, పెరుగుతుందని అందరూ చెప్పుకునే నంది చూసి, ఉగ్గాని బజ్జీ తిని కదిలితే చాలు. సెలవురోజుల్లో జనం ఎక్కువ, ఆగాలనిపించదు.

బెలుం గుహలు కూడా ఆ సున్నపురాతిలోవే. భూమిలోకి ఇంకిన నీళ్లు లక్షల ఏళ్లపాటు రాయిని కరిగిస్తూ పోతే ఇవి తయారయ్యాయి. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశారు. తర్వాత 1982, 83లలో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి కొలతలు తీశారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది అందులో దాదాపు సగం. లోపల చల్లగా ఉంటుందనుకుని వచ్చేవాళ్లకు ముందే చెప్తున్నా, విపరీతమైన ఉక్క. గాలి కోసం గొట్టాలు పెట్టారు గానీ చెమట ఆగదు. నూలు బట్టలు వేసుకోండి, మంచినీళ్లు మరవకండి. గుహలో బాగా లోతున ఉన్న నీటిపాయ పాతాళగంగ దాకా మెట్లు దిగి ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను సింహద్వారం అనే, సింహం తలలా కనిపించే రాతి కమాను దగ్గరే కూర్చోబెట్టడం మంచిది. మా అమ్మ అక్కడే కూర్చుని, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతూ హాయిగా గడిపేది.

కొలిమిగుండ్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి లారీలు ఎక్కువ. దుమ్ము లేస్తుంది, రాత్రిపూట లైట్లు లేకుండా ఆగిన బండ్లూ ఉంటాయి. పొద్దుండగానే దాటండి.

బెలుం నుంచి తాడిపత్రి 30 కిలోమీటర్ల దూరం. ఇంత దగ్గరకొచ్చి ఎందుకు తిరిగిపోతారో నాకు అర్థం కాదు. విజయనగర కాలపు గుళ్లు రెండున్నాయక్కడ. చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతిరథం ఉంది, గోడల మీద రామాయణం, భాగవతం కథలు వరసగా నడుస్తాయి. పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరుడి గుడి నన్ను ఇంకా కట్టిపడేస్తుంది. గోపురాలు పూర్తికాకుండానే ఆగిపోయాయి, అయినా ఉన్నంత మేర వేలెడు చోటు కూడా ఖాళీ వదలకుండా చెక్కారు. లత మీద లత, దాని మీద హంసల వరస. శివలింగం చుట్టూ నీటి ఊట ఉంటుంది. సాయంత్రం ఏటవాలు ఎండలో ఆ చెక్కడం లోతు తెలుస్తుంది, కాబట్టి ఆ వేళకే చేరండి. రాత్రి ఊళ్లోనే ఉండొచ్చు.

మర్నాడు జమ్మలమడుగు మీదుగా గండికోట. అక్కడ సున్నపురాయి పోయి ఎర్రటి గట్టిరాయి వస్తుంది. దాన్ని కోసుకుంటూ పెన్న పారిన లోయ అంచున నిలబడితే మాట రాదు. అంచున పిల్లల చెయ్యి వదలొద్దు, ఫొటో కోసం చివరి బండ ఎక్కొద్దు. లోయ చూసి వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ. కోట లోపల మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం దగ్గర దగ్గరగా ఉన్నాయి, వాటికి రెండు గంటలైనా ఇవ్వాలి. గోడల మీద పేర్లు గీకినవాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు. బస చేయాలంటే కోట దగ్గర పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, శనివారాలకు ముందే గది చూసుకోండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మే నెలలో వద్దు, బండలు నిప్పులు కక్కుతాయి. తిరుగు దారిలో మేము కోవెలకుంట్ల మీదుగా వస్తాం, శనగ చేలు బాగుంటాయి. వాన పడ్డ మర్నాడైతే ఫొటో కోసం కారును తారురోడ్డు దించొద్దు. రేగట్లో చక్రం దిగబడితే ట్రాక్టరు వస్తే తప్ప కదలదు.