న్యూటన్ రసవాద రాతల కోసం కేంబ్రిడ్జిలో మూడు రోజులు

ట్రినిటీ కాలేజీ గేటు పక్కన ఆపిల్ చెట్టు దగ్గర ఎప్పుడూ జనమే. అందరూ ఫొటోలు దిగుతారు. ఆ చెట్టుకూ కాలేజీ చాపెల్‌కూ మధ్య ఉన్న తోటలోనే న్యూటన్ కొలిమి ఉండేదని చెబుతారు. ఇప్పుడక్కడ పచ్చిక తప్ప ఏమీ లేదు. అయినా నేను చాలాసేపు నిలబడ్డాను. వసంతంలోనూ ఆకులు రాలే కాలంలోనూ వారాల తరబడి ఆ నిప్పు ఆరేది కాదని ఆయన దగ్గర రాయసకాడుగా పనిచేసిన హంఫ్రీ న్యూటన్ తర్వాత గుర్తుచేసుకున్నారు.

నేను వెళ్లింది కాగితాల కోసం. మామూలు లోహాలను బంగారంగా మార్చాలని చూసే విద్య రసవాదం. న్యూటన్ దాని మీద సుమారు పది లక్షల పదాలు రాశారు. 1727లో ఆయన పోయాక అవి అచ్చుకు పనికిరావని పక్కన పెట్టారు. 1872లో వారసులు కాగితాలన్నీ విశ్వవిద్యాలయానికి అప్పగిస్తే, గణితానివీ భౌతికశాస్త్రానివీ ఉంచుకుని రసవాదానివి చాలావరకు తిప్పి పంపేశారు. చివరికి 1936 జులైలో లండన్‌లో వేలం వేశారు. 329 లాట్లకు మొత్తం కలిపి వచ్చింది సుమారు 9,000 పౌండ్లు. చెల్లాచెదురైన వాటిని వర్తకుల దగ్గర వెతికి వెతికి కొన్నది ఆర్థికవేత్త కీన్స్. ఆయన కొనకపోతే నేను చూసేందుకు అక్కడ ఏమీ మిగిలేది కాదు. 1946లో ఆయన మరణంతో అవి కింగ్స్ కాలేజీకి చేరాయి.

అక్కడి ఆర్కైవ్‌కు రెండు నెలల ముందే, ఏది ఎందుకు చూడాలో వివరంగా రాశాను. అలా రాయకుండా వెళ్లకండి. పెన్ను బయటే వదలాలి, పెన్సిల్ మాత్రమే. కాగితాన్ని మెత్తటి దిండు మీద ఉంచి తెచ్చారు. సిరా గోధుమ రంగుకు తిరిగింది. చిన్న, పొందికైన అక్షరాలు, మధ్యలో కొట్టివేతలు. అది ‘మరకత ఫలకం’ అనే పాత రసవాద గ్రంథానికి ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదం: ‘కింద ఉన్నది పైన ఉన్నదాని వంటిది’. గురుత్వాకర్షణ సూత్రం రాసిన చెయ్యే ఈ వాక్యాన్నీ రాసింది. నాకు కళ్లు చెమర్చాయి. మనవాళ్లు ఈ విద్యకు రసవాదమని పేరు పెట్టారు, రసమంటే పాదరసం. ఆయన వెతుకులాట కూడా పాదరసం చుట్టూనే తిరిగింది. వేమన బంగారం చేసే విద్య కోసం తిరిగాడన్న కథ విని పెరిగిన నాకు ఆ గదిలో పరాయితనం అనిపించలేదు.

ట్రినిటీ కాలేజీలోని రెన్ గ్రంథాలయంలో, గురుత్వాకర్షణ సూత్రం ఉన్న ఆయన పుస్తకం ‘ప్రిన్సిపియా’కు స్వయంగా సవరణలు రాసుకున్న ప్రతి చూడదగ్గది. సందర్శన వేళలు తక్కువ, ముందే చూసుకోండి.

బస విషయంలో తప్పు చేశాను. స్టేషన్ దగ్గరి ఒక అతిథిగృహంలో దిగితే రెండు ఉదయాలూ వేడినీళ్లు రాలేదు, అడిగితే పలికేవారు లేరు. సెలవుల్లో కాలేజీలు విద్యార్థుల గదులను అద్దెకిస్తాయి. మూడో రోజు అలాంటి గదిలోకి మారాను. చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, పైగా అన్నీ నడిచిపోయే దూరం.

న్యూటన్ పుట్టిన వూల్స్‌థార్ప్ ఇల్లు గ్రాంథం పట్టణం నుంచి సుమారు 12 కిలోమీటర్లు. బస్సులు తక్కువ కాబట్టి టాక్సీ ఖర్చు తప్పదు. ఇల్లు బాగుంది, కానీ రసవాదం కోసమే వెళ్లేవారికి అక్కడ దొరికేది తక్కువ. ఆ రోజును కూడా కేంబ్రిడ్జికే ఇవ్వమంటాను.

ప్రయాణం కుదరనివారికీ దారి ఉంది. ఆయన ప్రయోగాల నోటుపుస్తకాన్ని విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. ఇంటికొచ్చాక రోజూ రాత్రి ఒక్కో పేజీ పెద్దది చేసుకుని చదువుతున్నాను.