ఫోన్ కంప్యూటర్‌కి కనపడకపోతే: ముందు కేబులా, డ్రైవరా?

ఫోన్ పెడితే చార్జింగ్ ఎక్కుతుంది గానీ కంప్యూటర్‌లో కనపడదు. అనంతపురంలో ఎవర్ని అడిగినా రెండే మాటలు: కేబుల్ మార్చు, లేదా డ్రైవర్ (ఫోన్‌ని కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే సాఫ్ట్‌వేర్) వేయించు. నా ఓటు ముందు కేబుల్‌కే. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్లో 4 తీగలుంటాయి, రెండు కరెంటుకి, రెండు డేటాకి. చవగ్గా దొరికే కొన్నిట్లో ఆ డేటా తీగలే ఉండవు, ఇక ఎన్ని డ్రైవర్లు వేసినా ఏం లాభం? ఫైళ్లు ఎక్కిస్తున్న వేరే కేబుల్ ఎవరిదైనా అడిగి పెట్టి చూస్తే రూపాయి ఖర్చు లేకుండా తేలిపోతుంది. మన ఊరి దుమ్ముకి ఫోన్ పోర్టు (కేబుల్ పెట్టే రంధ్రం) పూడుకుపోయిందేమో కూడా చూడండి, స్విచాఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయాలి, పిన్నీసు మాత్రం వద్దు.

డ్రైవర్ సంగతి ఆ తర్వాతే. అదీ ఆండ్రాయిడ్ అయితే లాక్ తీసి నోటిఫికేషన్‌లో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' నొక్కాక, ఎందుకంటే చాలా ఫోన్లు మొదట చార్జింగ్ మోడ్‌లోనే ఉంటాయి. విండోస్ డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌కి తగిలించినవన్నీ కనపడే జాబితాలో) ఫోన్ పక్కన పసుపు గుర్తు కనిపిస్తే అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఫోన్ తీసి మళ్లీ పెట్టండి. ఫోన్ పెట్టినా ఆ జాబితాలో ఏ కదలికా లేకపోతే అనుమానం మళ్లీ కేబుల్ మీదే, లేదా పోర్టు మీద. షాపతను దీనికోసం విండోస్ ఫార్మాట్ కొడతానంటే ఒప్పుకోకండి.