నలభై ఏళ్ళ ఇల్లు అమ్మి విజయవాడ నుంచి హైదరాబాద్ మారాం: ప్యాకర్స్ అండ్ మూవర్స్ మీద నా రివ్యూ

బుక్ చేసేముందు ప్యాకర్స్ రివ్యూలు బోలెడు చదివానండి, అన్నీ రేటెంత, టీవీ పగిలిందా లేదా అనేదాని చుట్టూనే తిరుగుతున్నాయి. అద్దె ఫ్లాట్ నుంచి ఇంకో అద్దె ఫ్లాట్‌కి మారేవాళ్ళకి అది చాలేమో గానీ ఒకే ఇంట్లో నలభై ఏళ్ళు కాపురం చేసి, ఆ ఇల్లు అమ్మేసి, ఊరే మారిపోయేవాళ్ళకి చూసుకోవాల్సినవి వేరే ఉంటాయి. అందుకే వివరంగా రాస్తున్నా. సంస్థ ఆటోనగర్‌లో ఆఫీసున్న చిన్న లోకల్ వాళ్ళు, పేరు కన్నా వాళ్ళు పనిచేసిన పద్ధతి చెప్తే మీరు ఎక్కడ బుక్ చేసుకున్నా పనికొస్తుంది.

ఇల్లు సత్యనారాయణపురంలో, ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోట రైలు పట్టాలున్న రోజుల్లో నాన్నగారు కట్టించింది. కింద హాలు, రెండు గదులు, వంటిల్లు, వెనక వసారా, తర్వాత ఎప్పుడో వేయించిన పైగది, రెండు అటకలు. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది, మోకాళ్ళ నొప్పులు, అన్నయ్య బెంగళూరు, నేను హైదరాబాద్ నిజాంపేట. ఇక అమ్మేసి మా అపార్ట్‌మెంట్‌లోనే అమ్మకి రెండు బెడ్రూముల ఫ్లాట్ తీసుకుందామని ముగ్గురం అనుకున్నాం.

కొటేషన్లు మూడు చోట్ల అడిగాం. ఒకాయన ఫోన్లోనే "టూ బీహెచ్‌కేనా మేడం" అని అడిగి రేటు చెప్పేశాడు. ఇంకొకళ్ళు వీడియో కాల్లో చూపించమన్నారు, హాలు చూసి చాలన్నారు. అటకల సంగతి ఎవ్వరూ అడగలేదు! పాత ఇంట్లో సామానంతా అటకల మీదే కదండీ ఉండేది. ఈ ఆటోనగర్ వాళ్ళు మాత్రం సూపర్‌వైజర్‌ని పంపారు, అతను నిచ్చెన అడిగి మరీ అటక ఎక్కి టార్చ్ వేసి చూసి, ప్రతిదీ కాగితం మీద రాసుకున్నాడు. వీళ్ళ రేటు మిగతా ఇద్దరికన్నా ఎక్కువే, అయినా వీళ్ళనే ఎంచుకోడానికి ఆ సర్వే ఒక్కటి చాలింది నాకు. ఫోన్లో తక్కువ చెప్పినవాడు తీరా లారీ వచ్చాక "ఇంత సామాను చెప్పలేదు" అంటే, ఇల్లు కొన్నవాళ్ళకి తాళాలివ్వాల్సిన ముందురోజు మనం చేసేదేముంటుంది, అడిగినంతా ఇచ్చుకోవడమే.

సర్వేలో అతను చేసిన ఇంకో మంచి పని ఏంటంటే కొత్త ఫ్లాట్ కొలతలు అడిగాడు. మెయిన్ డోర్ వెడల్పు, లిఫ్ట్ లోపల ఎత్తు, సర్వీస్ లిఫ్ట్ వేరే ఉందా, సామాను దించడానికి అసోసియేషన్ టైమింగ్స్ ఏమైనా పెట్టిందా, అన్నీ. మా ఆయన అక్కణ్ణుంచి టేప్ పెట్టి కొలిచి చెప్పాడు. తాతగారి నాటి భోషాణం ఆ గుమ్మంలో పట్టదని అప్పుడే తేలిపోయింది. పందిరి మంచం మాత్రం విప్పేస్తే నాలుగు స్తంభాలు, పట్టీలే కాబట్టి వెళ్తుందన్నాడు. రుబ్బురోలు దగ్గరికొచ్చేసరికి "మామ్మగారూ, బరువుకి డబ్బులెక్కువని కాదు, అక్కడ పెట్టుకునే చోటుండదు, మీరే ఆలోచించుకోండి" అన్నాడు. అమ్మ కాసేపు ఆలోచించి "రోలు వదిలేస్తాను గానీ సన్నికల్లు మాత్రం వస్తుంది నాయనా, పెళ్ళిలో నేను తొక్కింది" అంది. అతను మారు మాట్లాడకుండా లిస్టులో రాసుకున్నాడు. ఎనభైకి దగ్గరపడుతున్న మనిషి సామాను సర్దేటప్పుడు ఆ మాత్రం మర్యాద ఉండాలి, దీనికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

అలా ముందే తెలియడం వల్ల ఏవి తీసుకెళ్ళాలి ఏవి ఇచ్చేయాలి అనేది మాకు నెమ్మదిగా చూసుకునే టైం దొరికింది. గంగాళం, గుండిగలు బంధువులు తీసుకున్నారు, భోషాణం పాత టేకు సామాన్లు కొనేవాళ్ళకి ఇచ్చాం, అమ్మ వీక్లీల్లోంచి చింపి బైండింగ్ చేయించుకున్న సీరియళ్ళు మాత్రం ఒక్కటి కూడా వదల్లేదు, అవన్నీ వచ్చాయి, రావాలి కూడా.

ఇక ముఖ్యమైన విషయం డేట్. ఇల్లు అమ్మి మారేవాళ్ళకి లారీ డేటు మన చేతిలో ఉండదండి. కొనేవాళ్ళ బ్యాంకు లోన్ శాంక్షన్ అవ్వాలి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాట్ దొరకాలి, సంతకాలు పెట్టాల్సిన వారసులందరూ ఊళ్ళో ఉండాలి, రిజిస్ట్రేషన్ రోజే ఖాళీ ఇల్లు అప్పజెప్పాలని అగ్రిమెంట్‌లో ఉంది, ఇటుపక్క ఆషాఢం రాకముందే కొత్తింట్లో పాలు పొంగించాలని అమ్మ పట్టుదల. ఇవన్నీ ఒకచోట కలిసే రోజు పట్టుకోవడం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుసు. పైగా మంచి ముహూర్తాలున్న రోజుల్లో ప్యాకర్స్ రేట్లు పెరుగుతాయి, మనుషులూ దొరకరు. మా స్లాట్ ఒకసారి మారింది, కొన్నవాళ్ళ బ్యాంకు కాగితం ఏదో ఆలస్యమై. వీళ్ళు డేట్ మార్చినందుకు అదనంగా ఏమీ అడగలేదు, అడ్వాన్స్ అలాగే ఉంచారు. ఎందుకంటే బుక్ చేసేటప్పుడే "ఒకసారి డేట్ మార్చుకోవచ్చు, రెండు రోజుల ముందు చెప్పాలి" అని కొటేషన్ మీదే రాయించుకున్నాం. మీరు ఇల్లు అమ్మి వెళ్తుంటే రేటు బేరం తర్వాత, ముందు ఈ లైన్ రాయించుకోండి.

లారీలోకి ఎక్కనివి కొన్నుంటాయి, వాళ్ళు సర్వే రోజే చెప్పారు. గ్యాస్ సిలిండర్ తీసుకెళ్ళరు. అది ఎలాగూ తీసుకెళ్ళక్కర్లేదు, ఊరు మారితే సిలిండర్లు, రెగ్యులేటర్ మన డీలర్‌కి అప్పజెప్పి టర్మినేషన్ వోచర్ తీసుకుంటే డిపాజిట్ డబ్బులు వెనక్కిస్తారు, కొత్త ఊళ్ళో ఆ వోచర్ చూపించి డిపాజిట్ కట్టి కనెక్షన్ తీసుకోవడమే. ఆ వోచర్ పారేసుకోకండి. బంగారం, డబ్బులు, మొక్కలు కూడా తీసుకెళ్ళరు. ఇన్వర్టర్ బ్యాటరీ మాత్రం నిలబెట్టి వేరేగా పెట్టారు. ఆవకాయ జాడీల గురించి నేను భయపడ్డాను గానీ, మూత మీద ప్లాస్టిక్ కవర్ వేసి టేపు చుట్టి, జాడీ అంతా స్ట్రెచ్ ఫిల్మ్ వేసి, డబ్బాలో నిలబెట్టి బాణం గుర్తు వేశారు, చుక్క నూనె కారలేదు.

కాగితాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అటక మీది ట్రంకుపెట్టె తెరిస్తే అందులో దస్తావేజులు, పన్ను రసీదులు, నాన్నగారి చీటీలు, అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. ప్యాకింగ్ కుర్రాళ్ళు చూడగానే "కాగితాలున్న పెట్టె మేం ముట్టుకోమండి, మీరే మీ చేత్తో తీసుకెళ్ళండి" అని పక్కన పెట్టేశారు. అది సరైన పద్ధతి. మాది స్థలం కొన్నది 1983కి ముందు. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపించే పత్రం) 1983 నుంచే వస్తుంది, అంతకన్నా పాతదానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు వెతికించాలి, కాబట్టి ఆ ఒరిజినల్ లింక్ డాక్యుమెంటు, అంటే ఆస్తి మన చేతికి ఎలా వచ్చిందో చూపించే పాత దస్తావేజు, ఎంత విలువైందో చూడండి. ఇంకోటి, పాత బిల్లులు చెత్త అనుకుని పాత పేపర్లవాడికి వేసేయకండి. ఇల్లు అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను లెక్కకి అవి కావాలి. 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచీ ఉన్న ఇల్లయితే ఆ రోజు నాటి మార్కెట్ విలువని మనం కొన్న ధరగా చూపించుకోవచ్చు, అది ఆ రోజుకి ఉన్న ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ దాటకూడదంతే, ఆ తర్వాత చేయించిన కట్టుబడి ఖర్చు కూడా కలుపుకోవచ్చు. మా పైగది అలా తర్వాత వేయించిందే, దాని సిమెంటు, ఇనుము బిల్లులు ఆ ట్రంకులోనే దొరికాయి, ఆడిటర్ గారు చూసి చాలా సంతోషించారు. పన్ను 12.5 శాతమా, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరని పెంచి చూపడం) వేసుకుని 20 శాతమా, ఏది తక్కువో అది కట్టుకునే వీలు 2024 జులై 23కి ముందు కొన్న ఇళ్ళకి ఉంది, ఆ లెక్క ఆడిటర్‌తోనే వేయించుకోండి. ఇల్లు 50 లక్షలు, ఆ పైన అయితే కొన్నవాళ్ళు 1 శాతం టీడీఎస్ (మన పేరు మీద ముందే కట్టే పన్ను) పట్టుకుని ఇస్తారు, ఆ సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి.

ప్యాకింగ్ రోజు గురించి చెప్పాలంటే, పొద్దున్నే వస్తామన్నవాళ్ళు వచ్చేసరికి ఎండెక్కింది. అది నచ్చలేదు, ఫోన్ చేస్తే "బెంజి సర్కిల్ దాటామండి" అని రెండుసార్లు చెప్పారు. వచ్చాక మాత్రం పని చకచకా చేశారు. గాజు సామాన్లకి బబుల్ షీటు, చెక్క సామాన్లకి అట్టలు, దేవుడి పటాలు అమ్మ చెప్పినట్టు విడిగా ఒక డబ్బాలో, దాని మీద ఇంకేం పెట్టకుండా. బొమ్మల కొలువు పెట్టెలో కొండపల్లి బొమ్మలున్నాయి, అవి తెల్లపొణికి చెక్కతో చేసినవి, చాలా తేలిక, చేతులు కాళ్ళు విడిగా చేసి అతికిస్తారు కాబట్టి అతుకుల దగ్గర ఊడిపోతాయి. అంబారీ ఏనుగు, దశావతారాలు ఒక్కోటీ పాత నూలు చీర ముక్కల్లో చుట్టి, సందుల్లో పేపరు ఉండలు కుక్కారు. బబుల్ షీటు వేస్తానంటే సూపర్‌వైజరే వద్దన్నాడు, ఎండకి రంగు దానికి అంటుకుంటుందట. ఇలాంటివి తెలిసిన మనిషి ఉండటమే మనం డబ్బిచ్చి కొనుక్కునేది.

ఇన్సూరెన్స్ దగ్గర జాగ్రత్తగా ఉండండి. చాలామంది బిల్లులో సామాను విలువ మీద ఇంత శాతం అని వేస్తారు, అది నిజంగా ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీయా, లేక ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు తమ రిస్కు మీద వసూలు చేసుకునే ఛార్జీయా అని అడగాలి. పాలసీ అయితే మన పేరు మీద సర్టిఫికెట్ వస్తుంది. మేం అడిగితే వీళ్ళు తెప్పించి ఇచ్చారు, కానీ అడిగేదాకా వాళ్ళంతట వాళ్ళు చెప్పలేదు. లారీ రసీదు మీద డబ్బాల సంఖ్య, నంబర్లు రాయించుకుని సంతకం పెట్టించుకోండి. వాడుకున్న ఇంటి సామానుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసే పత్రం) అక్కర్లేదు, దాని పేరు చెప్పి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

క్లోజ్డ్ కంటైనర్ రాత్రి బయల్దేరింది. విజయవాడ నుంచి హైదరాబాద్ దాదాపు 275 కిలోమీటర్లు, కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు దాటుకుని రావాలి. డ్రైవర్ నందిగామ దగ్గర, సూర్యాపేట దగ్గర, చౌటుప్పల్ దగ్గర ఫోన్ చేసి చెప్పాడు, చెప్పమని మేం అడగలేదు కూడా. అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు, ఆ ఫోన్లు వస్తుంటే కాస్త స్థిమితపడింది.

ఇబ్బంది వచ్చింది నిజాంపేటలో. దించడానికి వచ్చినవాళ్ళు విజయవాడ మనుషులు కాదు, ఇక్కడ మాట్లాడుకున్న వేరే టీమ్. పందిరి మంచం వాళ్ళెప్పుడూ బిగించలేదు, స్తంభాలు తారుమారు చేశారు, ఇనప కొక్కెం ఒకటి కనపడకుండా పోయింది. పైగా ఫ్లోర్ ఛార్జీ అని అదనంగా అడిగారు, లిఫ్ట్ ఉందని కొటేషన్‌లో స్పష్టంగా రాసి ఉన్నా. నేను కొటేషన్ ఫోటో చూపించి ఆఫీసుకి ఫోన్ చేశాక ఆ మాట వదిలేశారు. విజయవాడ సూపర్‌వైజర్ వీడియో కాల్లో కూర్చుని ఏ స్తంభం ఎక్కడో చెప్పి బిగింపించాడు, కొక్కెం మళ్ళీ చేయించి కొరియర్‌లో పంపాడు. ఆ కొక్కెం పాతదానిలా లేదు గానీ మంచం గట్టిగానే నిలబడింది, దోమతెర కూడా కట్టాం. ఫ్రిజ్ దించగానే ఆన్ చేయొద్దని, కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాలని కూడా అతనే గుర్తు చేశాడు, దించిన టీమ్ అయితే అప్పుడే ప్లగ్ పెట్టేయబోయారు.

మొత్తం చూస్తే అయిదుకి నాలుగు స్టార్లు. సర్వే, ప్యాకింగ్, డేట్ దగ్గర మాట నిలబెట్టుకోవడం, పెద్దావిడతో మాట్లాడిన తీరు, వీటన్నిటికీ నాలుగు. లేటు రావడం, దించే టీమ్ వల్ల ఒకటి తగ్గించాను. మా పిన్ని వాళ్ళు గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు బేరానికి పెట్టారు, వాళ్ళకి ఈ సూపర్‌వైజర్ నంబరే ఇచ్చాను, కాకపోతే దించే మనుషులు కూడా మీ వాళ్ళే రావాలి అని కొటేషన్ మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వమని గట్టిగా చెప్పాను.